బరాత్ గుర్రానికి నవారు తలకట్టు: ప్రాజెక్టు డైరీ

జనవరి, సంక్రాంతి దాటాక

చేవెళ్ళ పక్కన మా పొలానికి ఒక ఆడగుర్రం వచ్చింది. రకం నుక్రా. ఒళ్ళంతా తెలుపు, వెంట్రుకల కింద చర్మం గులాబీ రంగు. హైదరాబాదులో పెళ్ళికొడుకులను మోసిన గుర్రం. మొదట మహారాష్ట్రలో తాపీ ఒడ్డున సారంగ్‌ఖేడా సంతలో కొన్నారట. దత్తజయంతికి జరిగే ఆ సంతకు దేశం నలుమూలల నుంచీ గుర్రాల వ్యాపారులు వస్తారు. ఆ తర్వాత ఎన్ని చేతులు మారిందో చివరి యజమానికీ తెలియదు. ఆయన చెప్పింది ఒక్కటే: "మొండిది. తల ముట్టనియ్యది. లగాం ఎక్కియ్యాలంటే ముగ్గురు మనుషులు గావాలె." ధర తక్కువ పలకడానికి అదే కారణం.

పేరు మా పాప పెట్టింది, మల్లి.

ఈ ప్రాజెక్టులో పనులు రెండు. మల్లి తల మీద ఎవరైనా చెయ్యి వేయగలగాలి. ఆ తర్వాత నోట్లో ఇనుము లేకుండా, ముక్కు మీద పట్టీతోనే నడిచే తలకట్టు ఒకటి సొంతంగా కుట్టించి, దానితో చెరువు గట్టు దాకా నడిపించాలి. సవారీ ఊసు ఇందులో లేదు.

సామాను మూట విప్పి చూశాను. జరీ జీను గుడ్డ, అద్దాల మెడపట్టీ, గజ్జెలు, వాటి కింద కళ్ళెం. నోట్లో ఉండే కడ్డీ మధ్యలో అతుకు, రెండు పక్కలా చెంపలకు ఆనేచోట లోపలివైపు తిరిగిన మేకుల వరుస. పగ్గం కొంచెం లాగితే చాలు, ఎదుటి పక్క మేకులు చెంపలో దిగుతాయి. దీన్ని కాంటా లగాం అంటారని చాచా చెప్పాడు. చాచా పక్క ఊరాయన, చిన్నప్పుడు వికారాబాదు స్టేషను దగ్గర వాళ్ళ నాన్న జట్కాను తనే తోలేవాడు. ఈ పనిలో నాకు గురువు ఆయనే.

ఈ కళ్ళెం వాడటం నేరం. లాగుడు, బరువు జంతువుల కోసం 1965లో కేంద్రం చేసిన నిబంధనల్లో 8వది ఇలాంటి ముళ్ళ కడ్డీలను, ముల్లుకర్రలను నేరుగా నిషేధించింది. వాటికి మూలమైన 1960 చట్టంలో జంతువులను హింసించినందుకు మొదటి తప్పుకు రాసిన జరిమానా 10 నుంచి 50 రూపాయలు. ఇరానీ హోటల్లో ఇద్దరు చాయ్ తాగితే అయ్యే ఖర్చు. కళ్ళెం ఖరీదు అంతకంటే ఎక్కువే ఉంటుంది.

జనవరి చివర

డాక్టరమ్మ వచ్చింది. నోరు చూడాలంటే కొంచెం మత్తు ఇవ్వక తప్పలేదు.

ముందుపళ్ళకీ దవడపళ్ళకీ మధ్య పళ్ళు లేని ఖాళీ ఉంటుంది. కళ్ళెం కడ్డీ ఆనేది అక్కడే. అక్కడ చిగురు చాలా పలచన, దాని కిందే ఎముక. మల్లికి ఆ ఎముక అంచు రెండు పక్కలా గరుకుగా, మొటిమల్లా లేచి ఉంది. ఏళ్ళ తరబడి ఇనుము కొట్టుకుంటే ఎముక అలా పెరుగుతుందని ఆమె వివరించింది. నాలుక ఎడమ అంచున పాత గాటు. పెదవుల మూలలు రెండూ చిరిగి, మానిపోయి, గట్టిపడ్డాయి. వేలితో నొక్కి చూశాను, అక్కడ చర్మం చర్మంలా లేదు.

మొరటుతనం ఎలా పెరుగుతూ పోతుందో నాకు ఈ గట్టిపడ్డ చర్మం దగ్గరే అర్థమైంది. గుర్రం నొప్పి వైపు రాదు, నొప్పి నుంచి పారిపోతుంది. నోట్లో మేకు దిగితే తల పైకెత్తి, నడుం దించి ముందుకు దూకుతుంది. పైన ఉన్నవాడు ఆపడానికి ఇంకా లాగుతాడు. ఆపడానికి పెట్టిన వస్తువే దాన్ని పరుగెత్తిస్తుంది. కొన్నాళ్ళకు గాయం మాని మచ్చగా మారితే అక్కడ స్పర్శ తగ్గుతుంది. గుర్రం మొద్దుబారిందంటారు. కొత్త యజమాని అంతకంటే పదునైన కళ్ళెం కొంటాడు. సంతలో ధర పడిపోతుంది. ధర పడ్డ గుర్రాన్ని కొనేవాడు దాన్ని ఇంకా జాగ్రత్తగా చూస్తాడా?

చాచా మాట: "కొట్టుడు ఒకపాలి మొదలువెడ్తే ఆగది బేటా. ఇయ్యాల ఒకటి సరిపోతది, రేపటికి రెండు గావాలె."

దవడపళ్ళ అంచులు కత్తుల్లా ఉంటే ఆకురాయితో అరగదీయించాం. ధనుర్వాతం టీకా వేయించాం, గుర్రాలకు ఆ జబ్బు సులువుగా అంటుకుంటుంది. వీపు తడిమితే మెడ మొదట్లో, భుజాల మధ్య మూపురంలా లేచేచోట వెంట్రుకలు పలచబడి తోలు బిగుసుకుని ఉంది. జీను ఒత్తిడికి రంగునిచ్చే కణాలు చచ్చి, ఆ చోట వెంట్రుకలు తెల్లగా మొలుస్తాయి. గోధుమరంగు గుర్రానికైతే అది దూరం నుంచే కనబడుతుంది. తెల్ల గుర్రం మీద కనబడదు. చేత్తో తడిమితేనే తెలుస్తుంది.

ఫిబ్రవరి మొదట్లో

ఈ వారం ఏమీ నేర్పలేదు. ఎక్కడ ఏం చేస్తే మల్లి ఏం చేస్తుందో రాసుకున్నాను.

ఎడమ భుజం దగ్గరికి నెమ్మదిగా నడిచి వెళ్తే నిలబడుతుంది. ఎదురుగా వెళ్తే వెనక్కి అడుగులేస్తుంది. నేను నా తలే గోక్కోవడానికి చెయ్యి ఎత్తితే కట్టుతాడు తెగేంత వెనక్కి గుంజింది. కుడిచెవి పక్కకు చెయ్యి పోనివ్వదు. ఎడమచెవి కొంచెం నయం. కళ్ళెం గలగల వినబడితే పళ్ళు బిగబడతాయి. కింది పెదవి కింద గడ్డం ముడుచుకుని చిన్న ఉండలా కనబడుతుంది. నోటి గాయాలు చూశాక ఆ గడ్డం నాకు అర్థమైంది.

చెవి సంగతికి చాచా దగ్గర జవాబు ఉంది. కదలకుండా నిలబెట్టడానికి కొందరు గుర్రం చెవి పట్టి మెలితిప్పుతారు. చాలామంది కుడిచేతి వాటం. ఎదురుగా నిలబడి ఎడమచేత్తో కళ్ళెం, కుడిచేత్తో చెవి పట్టుకుంటే ఏ చెవి దొరుకుతుందో తనే చేసి చూపించాడు. అయితే అది ఎడమచెవి అయ్యింది. ఇద్దరం నవ్వుకున్నాం. ఎవడో ఎడమచేతివాడు అయ్యుంటాడు, లేకపోతే కుడిచెవికి వేరే కథేదో ఉంది.

ఎదురుగా వెళ్ళడం గురించి. గుర్రం కళ్ళు తలకు పక్కల ఉంటాయి కాబట్టి చుట్టూ దాదాపు 350 డిగ్రీలు కనబడుతుంది. కనబడనిది తోక వెనకా, సరిగ్గా నుదుటి ముందూ. ప్రేమగా నుదురు నిమరబోయినవాడి చెయ్యి గుర్రానికి చివరి క్షణంలో మాయమవుతుంది. ఆ మాయమైన చెయ్యి ఏం చేస్తుందో మల్లికి అనుభవమే.

దాణా

గుర్రం కడుపులో ఆమ్లం ఆగకుండా ఊరుతూనే ఉంటుంది, మేత పడ్డా పడకపోయినా. బరాత్ గుర్రం సాయంత్రం అలంకరణ మొదలైనప్పటి నుంచి అర్ధరాత్రి దాకా నోటికి గడ్డిపరక లేకుండా నిలబడుతుంది. కడుపులో పుండ్లకు భయం తోడైతే ఇక చెప్పేదేముంది. జీను పట్టీ బిగిస్తుంటే కరవబోయేది అని మాజీ యజమాని ఫిర్యాదు. కడుపు నొప్పికి కరిచిందా, పొగరుకు కరిచిందా అని అడిగినవాళ్ళు లేరు.

ఇప్పుడు జొన్నచొప్ప, ఎండుగడ్డి ఎప్పుడూ ముందుండేలా వలసంచీలో కట్టాం. ఊళ్ళో అందరూ వేసే సూపర్ నేపియర్ గడ్డి ఒక్కటే వేయొద్దని డాక్టరమ్మ గట్టిగా చెప్పింది. అందులోని ఆక్సలేట్లు కాల్షియాన్ని పట్టేస్తాయి, గుర్రాలకు ఎముకలు గుల్లబారతాయి. ఆవులు తట్టుకున్నట్టు గుర్రాలు తట్టుకోలేవు. లూసర్న్ గడ్డి కలుపుతున్నాం. ఉలవ గుగ్గిళ్ళు గుప్పెడు, పాఠం సమయంలో బహుమతిగా. గుర్రం గుడ్డిదైనా దాణాలో తక్కువ లేదని మా ఆవిడ సామెత విసిరింది. బడ్జెట్ చూస్తే కాదనలేను.

ఫిబ్రవరి, శివరాత్రి ముందు

తల జోలికి పోవడం లేదు. మూపు దగ్గర గోకుతున్నాను. గుర్రాలు ఒకదాన్నొకటి పళ్ళతో గోక్కునేది అక్కడే. 1993లో ఫ్రాన్సులో కమార్గ్ గుర్రాల మీద చేసిన ఒక పరిశోధనలో, ఆ చోట గోకితే గుండె వేగం తగ్గిందని తేలింది. మల్లి పైపెదవి ముందుకు సాగి వణుకుతోంది, అంటే బాగుందని లెక్క. ఆ పెదవి వణికినంతసేపు గోకి, తను కదిలేలోపే చెయ్యి తీసి, గుగ్గిళ్ళు పెట్టి, దూరం జరుగుతాను.

దూరం జరగడం ఇందులో అసలైన పని. గుర్రం నేర్చుకునేది ఒత్తిడి పెట్టినప్పుడు కాదు, తీసినప్పుడు. తను సరిగ్గా చేసిన ఆ సెకనులో చెయ్యి వదిలితే "ఓహో, ఇదా" అని పట్టుకుంటుంది. ఎప్పటికీ వదలని చెయ్యి ఏం నేర్పుతుంది? ఏం చేసినా నొప్పి పోదని నేర్పుతుంది. అది నేర్చుకున్న గుర్రం ఎలా ఉంటుందో అదే వారం చూశాను.

పక్క ఊళ్ళో పెళ్ళి

డీజే, తాషా, పటాకులు. గాలి ఇటువైపే. మల్లి కంచె దూకుతుందేమోనని పరుగున వెళ్ళాను. బొమ్మలా నిలబడి ఉంది. నాలుగు కాళ్ళూ సమంగా, తల ఒకే ఎత్తులో. కూలికి వచ్చినామె చూసి, "ఎంత బుద్ధిమంతురాలో, జర్ర గూడ కదుల్తలేదు" అని మెచ్చుకుంది.

స్టెతస్కోపు తెచ్చి మల్లి ఎడమ ముందుకాలి మోచేతి వెనక పెట్టాను. తీరిగ్గా ఉన్న పెద్ద గుర్రం గుండె నిమిషానికి 28 నుంచి 44 సార్లు కొట్టుకోవాలి. మల్లికి మామూలుగా 40 లోపే. అప్పుడు 80 దాటింది, ఒక్క అడుగు వేయకుండా.

మొహం చూశాను. గుర్రం మొహంలో నొప్పిని గుర్తుపట్టడానికి 2014లో పరిశోధకులు ఒక కొలబద్ద తయారు చేశారు. బిగిసి వెనక్కి వాలిన చెవులు, సగం మూసిన రెప్ప, కంటి పైభాగంలో బిగువు, ఉబ్బిన దవడ కండ, బిగిసిన నోరూ గడ్డం, సాగిన ముక్కుపుటాలు, ఇలా ఆరు గుర్తులు. అది నొప్పికి ఉద్దేశించింది, భయానికి కాదు. అయినా ఆ ఆరింటిలో నాలుగు ఆ రాత్రి మల్లి మొహాన కనబడ్డాయి.

మొరటుగా పెంచితే గుర్రం పొగరుబోతు అవుతుందని, తంతుందని, కరుస్తుందని అనుకుంటాం. తన్నే గుర్రం ఇంకా మాట్లాడుతోందన్నమాట. చెవులు వెనక్కి వాల్చినప్పుడు ఎవరూ వినలేదు, తల తిప్పినప్పుడు కొట్టారు, అడుగు వెనక్కి వేస్తే ఇంకా కొట్టారు. ఆ మాటలన్నీ మానేసిన గుర్రం మల్లి. ఊరేగింపుల్లో పిల్లలను ఎక్కించి ఫొటోలు తీసేది ఇలాంటి గుర్రాల మీదే, "ఏమీ అనదు" అని. గుండె 80 మీద కొట్టుకుంటున్న గుర్రం ఏదో ఒక పటాకు దగ్గర ఒక్కసారిగా లేస్తుంది. అప్పుడు అందరూ అనే మాట, "ఎందుకో తెలియదు, ఉన్నట్టుండి రేగింది."

మార్చి: తలకట్టు తయారీ

చేతిపని అంటే నాకిష్టం కాబట్టి ఈ భాగం కొంచెం ఎక్కువ రాస్తాను.

తాడు తలకట్టు సులువు. ఆరు మిల్లీమీటర్ల తాడు ఇరవైమూడు అడుగులు ఉంటే ముడులతోనే అయిపోతుంది. కానీ సన్నతాడు ముక్కు ఎముక మీద కోసుకుంటుంది, మల్లికి అక్కడ పాత మచ్చ ఉంది. వెడల్పు పట్టీ కావాలి. నైలాన్ పట్టీ దేనికైనా చిక్కుకుంటే తెగదు, మెడ విరిగినా తెగదు. మంచాలకు అల్లే నూలు నవారు తీసుకున్నాను.

కొలతలు పురికొసతో. ముక్కు పట్టీ చుట్టుకొలత మల్లికి 24 అంగుళాలు, పైన రెండు వేళ్ళు దూరేంత వదులు. పట్టీ ఎక్కడ కూర్చోవాలన్నదే కీలకం. చెంప మీద గట్టులా కనబడే ఎముక ముగిసేచోటికి రెండు వేళ్ళ కింద. అంతకంటే కిందికి జారితే ముక్కు ఎముక పలచబడుతుంది, దాని కింద మెత్తటి భాగం. గుర్రం నోటితో ఊపిరి తీయలేదు, దానికి ఉన్నది ముక్కే. అక్కడ పట్టీ బిగిస్తే ముళ్ళ కళ్ళెం తీసేసి గొంతు పట్టుకున్నట్టే.

లోపలి మెత్త కోసం పాత గొంగడి ముక్క కోశాను. మణికట్టుకు కట్టుకుని చూస్తే దక్కనీ గొర్రె ఉన్ని గరగరలాడింది. దాని మీద అరిగిన లుంగీ గుడ్డ రెండు పొరలు తొడిగితే సరిపోయింది. చెవుల వెనక తల మీదుగా వెళ్ళే పట్టీకి మెత్త ఇంకా మందం. చెవి మొదళ్ళకు తగలకుండా ఆ చోట పట్టీని రెండు పక్కలా వంపుగా కత్తిరించాం.

మామూలు తలకట్టును చెవుల మీదుగా తొడుగుతారు. మల్లికి అది కుదరదు. పై పట్టీని ఎడమ చెంప దగ్గర పూర్తిగా విడిపోయేలా చేసి, మెడ మీదుగా తెచ్చి అక్కడ బకిల్ పెట్టుకునేలా మార్చాను. చెవులతో పని లేదు.

రింగులు ఇత్తడివి, బేగంబజార్‌లో దొరికాయి, ముక్కు పట్టీకి రెండు పక్కలా ఒక్కొక్కటి. కుట్టు మాత్రం చెప్పులు కుట్టే పెద్దాయనతో వేయించాను. మైనం పట్టించిన దారంతో, రింగు దగ్గర చతురస్రం, మధ్యలో అడ్డగీతలు. "గుర్రం గుంజితే గీ నవారు చినగాలె గానీ నా కుట్టు ఊడది" అన్నాడు. గుంజితే నిజంగానే తెగడానికి కట్టుగుంజకూ తాడుకూ మధ్య సుతిలి ఉచ్చు ఒకటి పెట్టాను.

నోట్లో ఇనుము లేదు కాబట్టి ఇక హింస లేనట్టేనని అనుకునేవాళ్ళు ఉన్నారు. నాకు ఆ నమ్మకం లేదు. కోపంతో లాగే చేతికి నవారు కూడా ఆయుధమే.

ఉగాది తర్వాత

ట్రాక్టరు తోలడానికి వచ్చిన కుర్రాడు కుక్కను అదిలించడానికి నీళ్ళ పైపు ఎత్తాడు. మల్లి ఇరవై అడుగుల దూరంలో ఉంది. పైపు తన కోసం కాదు. వెనక్కి పరుగెత్తి కంచె తీగకు తొడ గీరుకుంది. గాయం పైపైదే. కానీ ఆ రోజు నుంచి పైపు, చీపురు, గొడుగు, మడిచిన పేపరు, పొడుగ్గా ఉన్నది ఏదైనా కర్రే. మూపు దగ్గర గోకనివ్వడం కూడా మానేసింది. వారాల తరబడి పోగేసింది ఒక్క నిమిషంలో పోయింది.

ఆ కుర్రాడు వస్తే మాత్రం తల తిప్పి ఎడమకంటితో చూస్తుంది. ఇంగ్లండులో ససెక్స్ విశ్వవిద్యాలయం వాళ్ళు 2016లో 28 గుర్రాలకు కోపంగా ఉన్న, నవ్వుతున్న మనుషుల ఫొటోలు చూపించారు. కోపం మొహాన్ని ఎక్కువగా ఎడమకంటితో చూశాయి, గుండె వేగం కూడా త్వరగా పెరిగింది. మల్లిది అదేనని తేల్చిచెప్పను. మనుషులంతా గుర్రాన్ని ఎడమ పక్కనుంచే పట్టుకుంటారు కాబట్టి అలవాటు కూడా కావచ్చు. కుర్రాడు పాపం నొచ్చుకున్నాడు. అతని చేతే గుగ్గిళ్ళ బుట్ట మోయిస్తున్నాం.

చీపురును వదలకుండా పని పెట్టుకున్నాను. ముందు మేత తొట్టికి దూరంగా నేల మీద పడుకోబెట్టాను. తను దాన్ని వాసన చూస్తే గుగ్గిళ్ళు. తర్వాత కొంచెం దగ్గరగా, తర్వాత గోడకు ఆనించి, తర్వాత నా చేతిలో కిందికి వేలాడేలా. చెవులు వెనక్కి పోతే ఒక మెట్టు వెనక్కి. చీపురుతో నేల ఊడుస్తుంటే పక్కనే నిలబడి చొప్ప నమలడానికి వైశాఖం వచ్చేసింది.

మే

ఎండ. గులాబీ చర్మం ముక్కు మీద మాడుతుంది, వేపచెట్టు కింద తప్ప కట్టడం లేదు. పాఠాలు తెల్లవారుజామున.

మూపు నుంచి మెడ, మెడ నుంచి దవడ. అరచెయ్యి కాకుండా చేతి వెనకవైపు ఆనిస్తే ఒప్పుకుంది, వేళ్ళు ముడుచుకుంటే పట్టుకోబోతున్నట్టు కనబడుతుంది కాబోలు. కుడిచెవి మొదలు ఇప్పటికీ దాటలేదు. తలకట్టును తొట్టి అంచున వేలాడదీశాం, తను మేత కోసం అందులోకి ముక్కు దూర్చాల్సి వస్తుంది. ఎవరూ తొడగలేదు, తనే దూర్చింది. దూర్చి తీసుకోవడం తన చేతిలో ఉందని తెలిశాక బకిల్ పెట్టడం అసలు కష్టమే కాలేదు. ముగ్గురు మనుషులు కావాలన్న గుర్రానికి మా పాప తొట్టి పట్టుకుంటే సరిపోయింది.

నడక. తాడు కొంచెం బిగించి ఆగుతాను. లాగను. బరువు ముందుకు వాలిన క్షణంలో వదులు. మొదట్లో మల్లి ఒత్తిడి తగలగానే తల పైకెత్తి నోరు తెరిచేది, నోట్లో ఏమీ లేకపోయినా. ఇప్పుడు తల దించి అడుగు వేస్తోంది. చెరువు గట్టు సగం దాకా వెళ్ళాం. అక్కడ చేపల వలలవాళ్ళు కర్రలు పట్టుకుని ఉంటే ఆగిపోయింది. తిరిగొచ్చేశాం. వెనక్కి తిప్పడం ఓటమి అని చాచా అనుకుంటాడని భయపడ్డాను. "ఆగింది గద, ఉరకలే గద. ఆగి నీ దిక్కు జూసింది" అన్నాడు.

జూన్, తొలకరికి ముందు

ఒక వ్యాపారి వచ్చి చూసి, మాకిచ్చిన ధరకు రెండింతలు ఇస్తానన్నాడు, రాబోయే ముహూర్తాలకు కావాలట. ఏ లగాం వాడతావు అని అడిగితే నవ్వాడు. అమ్మడం లేదు.

మిగిలిన పనులు: కుడిచెవి. ముక్కు పట్టీకి రెండో జత మెత్తలు, మొదటివి చెమటకు గట్టిబడ్డాయి, వారానికోసారి ఉతకాలి. గట్టు మిగతా సగం. గిట్టలు పెరిగిపోయాయి. లాడాలు కొట్టే ఆయన వచ్చేవారం వస్తానన్నాడు. కదలకుండా నిలబెట్టడానికి ముక్కుకు తాడు మెలి వేయకుండా, కాలు ఎత్తనిచ్చినంతే చేసి, మిగతాది మర్నాడు చేయాలన్నాను. అలాగైతే రెండు రోజుల కూలి అవుతుందన్నాడు. ఒప్పుకున్నాను.